సాంతియాగో: కత్తి దింపవలసిన పేరు



ఈమధ్య మా సంఘంలోని ఒక యౌవన జంట తమ మగబిడ్డను దేవునికి ప్రతిష్ఠించడానికి తీసుకొస్తామని చెప్పడానికి వచ్చారు. "పేరు ఏమనుకున్నారమ్మా?" అని అడిగాను. అబ్బాయి కాస్త సిగ్గుపడుతూ "సాంతియాగో, అయ్యగారూ" అన్నాడు. తెలుగులోకి వచ్చిన ఒక విదేశీ నవలలో గొర్రెల కాపరి కుర్రాడి పేరు అదట. చాలా నచ్చిందట. పక్కనే ఉన్న వాళ్ల నాయనమ్మ "అదేం పేరయ్యా, శాంతి యాగమా? మనకు యాగాలేంటి?" అంది. అందరం నవ్వుకున్నాం. కాని తర్వాత ఆ అబ్బాయి అడిగిన ప్రశ్నకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. "ఈ పేరుకు మంచి అర్థమేనా అయ్యగారూ? పెట్టొచ్చా?"

ఒక వారం గడువు అడిగాను. ఆ వారంలో చదివినదీ, ఆలోచించినదీ మీతో పంచుకుంటున్నాను. ఇది ఒక బిడ్డ పేరు గురించే అయినా, మన విశ్వాసానికి సంబంధించిన విషయం కూడా ఇందులో ఉంది.

మొదట నాయనమ్మ అనుమానం తీరుద్దాం. సాంతియాగోలో శాంతీ లేదు, యాగమూ లేదు. "సాంత్" అంటే స్పానిష్ భాషలో పరిశుద్ధుడు. "యాగో" అంటే మన యాకోబే! హెబ్రీలో యాకోబ్, గ్రీకులో ఇయాకోబోస్, లాటిన్‌లో యాకోబుస్. అది స్పెయిన్ జనం నోట నలిగి నలిగి యాగో అయింది. "పరిశుద్ధ యాకోబు" అనే రెండు మాటలు అతుక్కుపోయి సాంతియాగో అయ్యాయి. ఆ అతుకు ఎక్కడుందో మరచిపోయి కొందరు దాన్ని "సాన్ - టియాగో" అని విడదీశారు. అలా పోర్చుగీసు వారికి టియాగో అనే పేరు దొరికింది. మన రోడ్లమీద ఆ పేరుతో కారు తిరుగుతుంది చూడండి, పోర్చుగల్‌లో అది పిల్లలకు పెట్టే పేరు. లాటిన్ పేరు మరో దారిలో మారి స్పెయిన్‌లో హైమే, ఇంగ్లీషులో జేమ్స్ అయింది. అంటే మన ఊళ్లలో యాకోబు, జేమ్స్ అని ఇద్దరు అన్నదమ్ములుంటే, వాళ్ల తల్లిదండ్రులు తెలియకుండా ఇద్దరికీ ఒకే పేరు పెట్టారన్నమాట.

ఇక అర్థం. ఇక్కడే మనలో చాలామంది తడబడతారు. ఆదికాండము 25:26 ప్రకారం యాకోబు కవలల్లో రెండవవాడు. అన్న మడిమె పట్టుకొని పుట్టాడు గనుక ఆ పేరు. హెబ్రీలో "ఆకేబ్" అంటే మడిమె. తర్వాత ఏశావు ఏడుస్తూ ఆ పేరునే తిప్పి, వీడు నన్ను రెండుసార్లు మోసం చేశాడు, పేరుకు తగ్గవాడే అని నిందించాడు (ఆది 27:36). పండితులలో కొందరు ఆ మూలానికి "దేవుడు కాపాడును గాక" అనే అర్థం కూడా చెబుతారు. కాని ఏశావు కోపంలో అన్నదే లోకంలో నిలిచిపోయింది.

మా సంఘంలో ఆ పేరుగల ఒక పెద్దాయన ఉన్నారు. ఎవరో ఉజ్జీవ కూడికల ప్రసంగీకుడు ఒకసారి వేదికమీద "యాకోబు అంటే మోసగాడు, ఆ పేరు పిల్లలకు పెట్టకండి" అన్నాడట. ఆయన ఆ రాత్రి ఇంటికి వచ్చి భోజనం చేయలేదని ఆయన భార్య నాతో చెప్పింది. అప్పటికి అరవై ఏళ్లుగా మోస్తున్న పేరు అది. కూలి చేసి, పిల్లల్ని చదివించి, ఒకరి పైసా ఎరగని మనిషి. ఒక్క మాటతో ఆయన పేరును నేరంగా మార్చేశారు. మనం వేదికలమీద పేర్ల అర్థాలు చెప్పేటప్పుడు ఎవరి గుండెమీద చెబుతున్నామో కొంచెం చూసుకోవాలి.

ఇంతకూ ఆ ప్రసంగీకుడు మరచిందేమిటి? దేవుడు ఆ పేరును దాచలేదు. యబ్బోకు రేవు దగ్గర రాత్రంతా పోరాడినప్పుడు "నీ పేరేమిటి?" అని అడిగి, ఆయన నోటితోనే యాకోబు అని చెప్పించి, ఆపైన ఇశ్రాయేలు అనే కొత్త పేరు ఇచ్చాడు (ఆది 32:27-28). అంతటితో పాత పేరును చెరిపేయలేదు. మోషేకు పొదలో కనబడినప్పుడు కూడా తాను యాకోబు దేవుణ్ణనే చెప్పుకున్నాడు. మడిమె పట్టుకున్నవాని పేరును తన పేరు పక్కన పెట్టుకోవడానికి దేవుడు సిగ్గుపడలేదు. మరి మనకెందుకు సిగ్గు?

అయితే సాంతియాగో పేరు ఆ పితరుడైన యాకోబును బట్టి కాదు, జెబెదయి కుమారుడైన యాకోబును బట్టి వచ్చింది. ఈ యాకోబు గలిలయ సముద్రంలో వలలు వేసిన జాలరి. తమ్ముడు యోహానుతో కలిసి నావనూ తండ్రినీ విడిచి ప్రభువును వెంబడించాడు. ప్రభువు ఈ ఇద్దరికీ బోయనేర్గెసు అని పేరు పెట్టాడు, అంటే ఉరుములాంటివారు (మార్కు 3:17). ఆ పేరు ఊరికే రాలేదు. ఒక సమరయ గ్రామం ప్రభువును చేర్చుకోనప్పుడు, ఆకాశంనుండి అగ్ని దించి వాళ్లను కాల్చేయమంటావా అని అడిగినవారు వీళ్లే. ప్రభువు వెనక్కి తిరిగి వాళ్లను గద్దించి, మరో ఊరికి నడిచి వెళ్లాడు (లూకా 9:54-56). కుడిపక్కన ఒకరం, ఎడమపక్కన ఒకరం కూర్చుంటామని కుర్చీలు అడిగినవారు కూడా వీళ్లే (మార్కు 10:37). ప్రభువు కుర్చీ ఇవ్వలేదు, తన గిన్నె ఇస్తానన్నాడు. ఆ గిన్నె ఎప్పుడు అందిందో అపొస్తలుల కార్యములు 12:2 ఒకే వాక్యంలో చెబుతుంది. క్రీ.శ. 44 ప్రాంతంలో హేరోదు రాజు యాకోబును కత్తితో చంపించాడు. పన్నెండుమంది శిష్యులలో హతసాక్షిగా చనిపోయిన మొదటివాడు ఈయనే.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. యాకోబు కత్తి పట్టినవాడు కాదు, కత్తికి బలైనవాడు.

మరి గలిలయ జాలరికీ స్పెయిన్‌కూ సంబంధం ఏమిటి? స్పెయిన్‌కు వెళ్లాలని ఆశపడినట్టు బైబిలు చెప్పేది పౌలు గురించి (రోమా 15:24), యాకోబు గురించి కాదు. కాని ఆయన అక్కడ సువార్త చెప్పాడని, ఆయన దేహాన్ని శిష్యులు పడవలో అక్కడికి చేర్చారని ఒక సంప్రదాయం పుట్టింది. తొమ్మిదవ శతాబ్దం మొదటి భాగంలో, స్పెయిన్ వాయవ్య మూలనున్న గలీసియాలో, తెయోదోమీరో అనే బిషప్పు కాలంలో యాకోబు సమాధి దొరికిందన్నారు. రాజు రెండవ అల్ఫోన్సో అక్కడ గుడి కట్టించాడు. ఆ చోటే సాంతియాగో దే కంపోస్తేలా. ఇప్పుడున్న పెద్ద దేవాలయం పని 1075లో మొదలైంది, 1211లో ప్రతిష్ఠ జరిగింది.

అప్పట్లో స్పెయిన్‌లో ఎక్కువ భాగం ముస్లిం పాలకుల చేతిలో ఉంది. 997లో అల్ మన్సూర్ అనే సేనాని కంపోస్తేలామీద దాడి చేసి, గుడి గంటలు కోర్దోబాకు తీసుకుపోయాడు. ఆ యుద్ధాల మధ్యలో యాకోబు రూపం మారిపోయింది. 844లో క్లావిహో అనేచోట జరిగిందని చెప్పే ఒక యుద్ధంలో ఆయన తెల్లగుర్రంమీద వచ్చి కత్తితో శత్రువులను నరికాడని కథ అల్లారు. ఆ యుద్ధమే జరగలేదని నేటి చరిత్రకారులు అంటున్నారు. కాని ఆ కథ పేరు చెప్పి, పన్నెండవ శతాబ్దంలో పుట్టిన ఒక దొంగ దస్తావేజు చూపించి, రైతులనుండి ఏటా ధాన్యం వసూలు చేశారు. కాదిస్‌లో సమావేశమైన ప్రతినిధుల సభ 1812లో ఆ పన్నును రద్దు చేయవలసి వచ్చింది. జరగని యుద్ధానికి రైతు తన గింజలతో వందల ఏళ్లు మూల్యం చెల్లించాడు.

అలా జాలరి యాకోబుకు "మాతామోరోస్" అనే బిరుదు వచ్చింది. మూరులను, అంటే ముస్లింలను, చంపేవాడని అర్థం. ఆయన పేరిట యోధుల సంఘం పుట్టింది. వారి గుర్తు ఎర్ర సిలువ, కింది కొస కత్తి మొనలా ఉంటుంది. ఇప్పటికీ గలీసియాలో బాదం పొడితో చేసే ఒక కేకుమీద చక్కెర పొడితో ఆ కత్తి సిలువే వేస్తారు. యుద్ధానికి దిగేటప్పుడు స్పెయిన్ సైనికులు కేక వేసే పేరు కూడా సాంతియాగోనే. ఆ కేకకు అర్థమేమిటని సేర్వాంతెస్ 1615లో వచ్చిన తన "డాన్ కిహోతే" రెండవ భాగంలో ఒక పాత్ర చేత అమాయకంగా అడిగించాడు. ఒక మంచి ప్రశ్నను అమాయకుడి నోట పెట్టాడని నాకనిపిస్తుంది.

ఆ కేక సముద్రం కూడా దాటింది. క్యూబాలో, చిలీలో సాంతియాగో నగరాలు వెలిశాయి. చిలీ నగరాన్ని 1541లో స్థాపించారు. పెరూలో మూరులు లేరు, కాబట్టి గుర్రం కాళ్లకింద అక్కడి ఆదివాసులను చిత్రించారు. 1536లో కూస్కో ముట్టడిలో ఆయన ప్రత్యక్షమై వాళ్లను ఓడించాడని చెప్పుకున్నారు. ఆ దేశస్థుడే అయిన గ్వామన్ పోమా తన గ్రంథంలో ఆ దృశ్యాన్ని బొమ్మగా గీశాడు. ఆండీస్ ప్రజలకు ఆ తుపాకుల మోత, ఆ కేక కలిసి తమ ఉరుము దేవత ఇయ్యాపా లాగా తోచాయి. వాళ్లు ఉరుమునే సాంతియాగో అనసాగారు, ఆ పేరు పిల్లలకూ పెట్టుకున్నారు. కవలలు పుడితే ఒకరు మెరుపు బిడ్డ అని నమ్మి ఆ బిడ్డకు ఆ పేరు పెట్టేవారు. దాంతో అరియాగా అనే యేసుసభ గురువు 1621లో ప్రచురించిన పుస్తకంలో, ఆదివాసులు సాంతియాగో అని పెట్టుకోకూడదు, డియేగో అని పెట్టుకోవాలి అనే నియమం కనబడుతుంది.

ఇది చదివి నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ప్రభువు ఏ ఉరుమును గద్దించి చల్లార్చాడో, సంఘం దాన్నే తిరిగి రగిలించింది. సమరయ ఊరిమీద అగ్ని వద్దన్న ప్రభువు మాటను ఆయన శిష్యుని పేరుతోనే కొట్టేశారు. పైగా ఆ పేరు ఒక యూదుని పేరు. 1492లో యూదులందరినీ దేశంనుండి వెళ్లగొట్టిన రాజ్యం, ఒక యూదుని పేరును తన రణకేకగా పెట్టుకుంది! ఆ కేకను ఇయ్యాపా అని విన్న ఆండీస్ ప్రజలను తప్పుపట్టడం దేనికి? వాళ్లకు వినిపించింది ఉరుమే.

ఇక్కడ మన ప్రొటెస్టెంటు సహోదరులు "అదంతా రోమా సంఘం చేసింది, మనకేం" అనుకుంటారేమో. అంత తొందర వద్దు. స్పెయిన్‌లో సంస్కరణ వైపు తిరిగినవారిని సజీవంగా కాల్చిన మాట నిజమే. సెవీయ్ దగ్గరి మఠంనుండి పారిపోయిన కాసియోదోరో దే రేనా పరాయి దేశంలో తిరుగుతూ బైబిలును స్పానిష్‌లోకి అనువదించి 1569లో బాసెల్‌లో అచ్చువేయించాడు. ఆయనను బట్టి దేవునికి స్తోత్రం. అయితే మిగేల్ సేర్వెత్ అనే మరొక స్పెయిన్ దేశస్థుణ్ణి 1553లో సజీవంగా కాల్చింది ఏ ఊరు? కాల్విన్ ఉన్న జెనీవా. సిద్ధాంతంలో అతడు తప్పినా, అగ్ని దించడానికి మనకు అధికారం ఎవరిచ్చారు? కత్తి దొరికితే ఏ సంఘమైనా యాకోబు చేతిలో పెట్టగలదు.

న్యాయంగా మరో పక్క కూడా చెప్పాలి. ఈ పేరుకు ఇంకొక వారసత్వం ఉంది. కంపోస్తేలా దేవాలయం పశ్చిమ ద్వారంలో మాతేయో అనే శిల్పి 1188 నాటికి నిలబెట్టిన శిల్పాల్లో యాకోబు కూర్చొని, చేతికర్ర పట్టుకొని, వచ్చేవారిని చేర్చుకుంటున్నట్టు ఉంటాడు. కత్తి లేదు. గుర్రం లేదు. ఆ గుడికి వెయ్యేళ్లుగా జనం నడిచి వెళుతున్నారు. ఫ్రాన్సు సరిహద్దునుండి దాదాపు 780 కిలోమీటర్లు. టోపీమీద ఆల్చిప్ప గుర్తు, చేతిలో కర్ర. దారి పొడవునా వాళ్లకోసం సత్రాలు, వైద్యశాలలు కట్టారు. తెలియని మనిషి కాళ్లు కడిగి, గంజి పోసి, పడుకోబెట్టిన వేలమంది పేర్లు ఏ రాతిమీదా లేవు. ఈమధ్య సంవత్సరాల్లో ఏడాదికి నాలుగు లక్షలమందికి పైగా ఆ నడక పూర్తిచేసినట్టు పత్రం తీసుకుంటున్నారు. ఎముకలను దర్శిస్తే పుణ్యం వస్తుందని మనం నమ్మం. కాని పరదేశికి మంచం వేయడం వాక్యానుసారమే కదా.

అదే దేవాలయంలో గుర్రంమీద కత్తి దూసిన యాకోబు విగ్రహం కూడా ఉంది. ఇప్పుడు దాని కింద నరకబడిన మనుషులు కనబడకుండా పూలు పేరుస్తారు. సిగ్గు కలగడం మంచిదే. కాని పూలు కప్పడం మారుమనస్సు కాదని నా అభిప్రాయం. చేసిన తప్పును కప్పితే అది పూల కింద అలాగే ఉంటుంది. ఒప్పుకుంటేనే దిగుతుంది. యబ్బోకు దగ్గర దేవుడు పేరు అడిగింది అందుకే.

ఇక మన సంగతి. మన దగ్గర గుర్రాలు లేవు, కత్తులు లేవు. చిన్న మందలం. కాని మన పాటల్లో, మన మైకుల్లో ఎవరిమీద ఉరుముతున్నాం? పక్క సంఘం వాళ్లమీద, పక్కింటి అన్యులమీద నిప్పు దిగాలని కొన్ని ప్రార్థనలు వింటుంటాను. మన కుర్చీల తగాదాలు కూడా తెలిసినవే, కమిటీ ఎన్నికలప్పుడు చూడండి. స్పానిష్ బైబిల్లో ఒక విశేషం ఉంది. ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు చదివే ప్రతిలో సువార్తల్లోని శిష్యుణ్ణి హాకోబో అని రాసి, యాకోబు పత్రికకు మాత్రం సాంతియాగో అనే పేరు ఉంచారు. అది రాసింది వేరే యాకోబే. కాని స్పానిష్ విశ్వాసి "సాంతియాగో నాలుగో అధ్యాయం" తెరిస్తే ఎదురయ్యే మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? మీలో యుద్ధాలు ఎక్కడినుండి వస్తున్నాయి అని! రెండో అధ్యాయం తెరిస్తే, ధనికునికి మంచి కుర్చీ వేసి పేదవాణ్ణి నిలబెట్టే సంఘాన్ని గద్దిస్తుంది. ఆ రణకేకకు జవాబు అదే పేరుగల పత్రికలోనే ఉంది.

వారం గడిచాక ఆ జంట వచ్చారు. పెట్టొద్దని నేను చెప్పలేదు. పేరు జాతకం కాదు, అర్థాన్ని బట్టి బిడ్డ బ్రతుకు తేలిపోదు. నేను చెప్పింది ఒక్కటే. పెట్టండి, కాని కథ సగం చెప్పకండి. వాడు పెద్దవాడయ్యాక నవలలోని కాపరి గురించి చెప్పండి, మంచిదే. దానితోపాటు మడిమె పట్టుకున్న యాకోబు గురించీ, అగ్ని అడిగి గద్దింపు తిన్న యాకోబు గురించీ, చివరికి కత్తి కింద తలవంచిన యాకోబు గురించీ చెప్పండి. ఆయన పేరు చెప్పి ఇతరులు చేసినదీ దాచకండి. ఎవరైనా నీ పేరు పెట్టి యుద్ధానికి పిలిస్తే, నా పేరుగలవాడు చంపినవాడు కాదు, చంపబడినవాడు అని చెప్పగలిగేలా పెంచండి.

నాయనమ్మ అంతా విని, "అంటే యాకోబేగా! మరి ముందే చెప్పొచ్చుగా" అంది. ఆదివారం ఆరాధనలో బిడ్డను నా చేతుల్లో పెట్టినప్పుడు, ముందు వరుసలో కూర్చున్న ఆ పెద్దాయనను వేదిక దగ్గరికి పిలిచి, మీ పేరుగల బిడ్డకు మీరే ప్రార్థన చేయండి అన్నాను. ఆయన చేతులు కొంచెం వణికాయి. చిన్న ప్రార్థనే చేశారు. ఈ పేరును నువ్వు ఎన్నడూ విడిచిపెట్టలేదు ప్రభువా, ఈ బిడ్డనూ విడిచిపెట్టకు అన్నారు.

మీ ఇంట్లో, మీ సంఘంలో ఎవరి పేరునైనా నిందగా మార్చి ఉంటే, ఈ వారం వారి దగ్గరకు వెళ్లి ఆ పేరుతో ప్రేమగా పిలవండి. మన పేరుల చేతుల్లో కత్తులుంటే ప్రభువే వాటిని దింపించును గాక. ఆమేన్.